మట్టి మోసే మలినం

డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్ళూ మొదటి సంవత్సరం పిల్లలకు ఒక ప్రయోగం తప్పకుండా చూపించేవాణ్ణి. పెద్ద బీకరు నిండా మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్ళు. అవతల చెయ్యి పెడితే కనిపించనంత నీలం. అందులో బెంటొనైట్ మట్టిపొడి వేసి, గాజుకడ్డీతో బాగా కలిపి, బల్ల మీద ఉంచి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. గంట కొట్టే వేళకు పైన నీళ్ళు తేరుకునేవి, అడుగున నీలిబురద పేరుకునేది. పిల్లల కళ్ళన్నీ తేటనీళ్ళ మీదే. "మరి దీన్నేం చేద్దాం?" అని నేను బురద వైపు వేలు చూపిస్తే, "సింకులో పారబోద్దాం సార్" అని ముందు బెంచీల నుంచే జవాబు వచ్చేది.

ఆ జవాబు పిల్లలది మాత్రమే కాదు. శుద్ధి గురించి మన ఇళ్ళు, గుళ్ళు, కర్మాగారాలు అన్నీ చెప్పే జవాబు అదే. మలినం పోవాలి. ఎక్కడికి పోతుందన్నది వదిలించుకున్నవాడు అడగడు. నాకు మాత్రం అదే అసలు ప్రశ్న. అది కెమిస్ట్రీకి ఎంత చెందుతుందో ధర్మానికీ అంతే చెందుతుంది. పుట్టిన కులం వల్ల, చదివిన చదువు వల్ల, బతికిన ఊరి వల్ల ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ముందు మట్టి సంగతి. మన నల్లరేగడి ఎండాకాలంలో కాలు ఇరుక్కునేంత నెర్రెలు బారుతుంది. తొలకరి పడగానే ఉబ్బి మూసుకుపోతుంది. ఆ ఉబ్బే గుణం స్మెక్టైట్ జాతి మట్టిది. ఆ జాతిలో ముఖ్యమైనది మాంట్‌మోరిల్లొనైట్. కచ్‌లోనూ రాజస్థాన్‌లోని బాడ్‌మేర్‌లోనూ గనుల నుంచి తవ్వే బెంటొనైట్‌లో ఎక్కువ పాలు ఉండేది ఇదే. దాని లోపలికి చూడగలిగితే, ఉతికి మడతపెట్టిన బట్టల దొంతరలా పొర మీద పొర ఉంటుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆ పొరలన్నీ విప్పి పరిస్తే ఒక్క గ్రాము మట్టి 700 చదరపు మీటర్లకు పైగా పరుచుకుంటుంది. మా లెక్కలో ఏడు గుంటల నేల. అయిదారు గ్రాములు తీసుకుంటే ఎకరం.

ఆ పొరల్లో అక్కడక్కడ అల్యూమినియం ఉండాల్సిన చోట మెగ్నీషియం కూర్చుని ఉంటుంది. అల్యూమినియానికి మూడు ధనావేశాలు, మెగ్నీషియానికి రెండే. ఆ ఒక్కటి తగ్గడం వల్ల పొర మీద రుణావేశం మిగిలిపోతుంది. ఆ లోటును పూడ్చడానికి సోడియం, కాల్షియం అయాన్లు పొరల మధ్య చేరతాయి. ధనావేశం ఉన్న మిథిలీన్ బ్లూ వచ్చినప్పుడు అవి లేచి దానికి చోటిస్తాయి. రంగు లోపలికి పోతుంది, సోడియం నీళ్ళలోకి వస్తుంది. కనక తేటపడిన నీళ్ళు మొదటి నీళ్ళు కావు. రంగు పోయిన మేరకు వాటిలో లవణం చేరింది. మట్టి ఊరికే తీసుకోదు, తీసుకున్నదానికి బదులు ఇస్తుంది. పట్టుకునే ఆ శక్తి దాని నిండుతనం నుంచి కాక లోపం నుంచి వచ్చిందన్న సంగతి ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

అన్నిటినీ పట్టుకోదు కూడా. బట్టల అద్దకంలో వాడే రియాక్టివ్ రంగులు రుణావేశం ఉన్నవి, వాటిని ఈ మట్టి దాదాపు ముట్టదు. బెంజీన్, ఫినాల్ లాంటి వాటి కోసమైతే, పొడవాటి కర్బన గొలుసు ఉన్న అమ్మోనియం లవణాలను ముందుగా పొరల్లోకి ఎక్కించి మట్టి స్వభావాన్నే మార్చాలి. అప్పుడు నీళ్ళకు దగ్గరైన మట్టి నూనెకు దగ్గరవుతుంది.

వాగునీళ్ళు తేర్చడానికి మన పల్లెల్లో చిల్లగింజను కుండ లోపలి వైపున అరగదీసేవాళ్ళు. సంస్కృతంలో కతకం అనేది దాన్నే. శంకరుల పేర ప్రచారంలో ఉన్న ఆత్మబోధలో అయిదో శ్లోకం ఈ గింజ మీదే ఉంది. అజ్ఞానంతో మలినమైన జీవుణ్ణి జ్ఞానం శుద్ధిచేసి, పని అయిపోయాక తానూ లేకుండా పోతుందని, నీళ్ళు తేర్చిన కతకపు పొడి కూడా అలాంటిదేనని దాని భావం. ఆ పోలిక అందం నన్ను పట్టుకుంది. అంతగానూ ఇబ్బంది పెట్టింది. కతకపు పొడి లేకుండా పోదు. బురద రేణువులను కూడగట్టుకుని కుండ అడుక్కు దిగుతుంది. పైనుంచి ముంచుకు తాగేవారికి అది మాయమైనట్టే ఉంటుంది. కుండ తోమే మనిషి వేళ్ళకు మాత్రం జిగటగా తగులుతుంది.

మా కళాశాలలో సంస్కృతం చెప్పే మిత్రుడితో ఈ మాట అన్నాను. ఆయన నిదానంగా విని, "పోలికను ఎంతవరకు తీసుకోవాలో అంతవరకే తీసుకోవాలి సార్. తాడును చూసి పామనుకున్నాం. తాడని తెలిసింది. పాము శవాన్ని ఎక్కడ పాతిపెట్టారని అడుగుతామా?" అన్నాడు. అజ్ఞానం వరకు ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అద్వైతంలో అజ్ఞానానికి విడిగా ఉనికి లేదు కాబట్టి దానికి మడ్డి కూడా ఉండదు. కానీ బీకరులోని నీలం తాడు మీది పాము కాదు. ఉన్న పదార్థాన్ని కూడా లేనిపోని పాములాగే చూసే అలవాటు మనకు పడింది. కంటి ముందు నుంచి తొలగితే చాలు, అది లేనట్టే లెక్క. అడుగున ఎవరో దాన్ని ఎత్తుతున్నారన్నది లెక్కలోకి రాదు.

మా ఇంట్లో ఎత్తినవాళ్ళు ఉన్నారు. మేం చాకలివాళ్ళం. నా చిన్నతనంలో మా రేవు నక్కవాగు ఒడ్డున ఉండేది. అమ్మ సౌడు నేలల మీద తెల్లగా తేలిన మన్నును ఊడ్చి గంపకెత్తి తెచ్చేది. ఆ సౌడు కలిపిన నీళ్ళలో బట్టలు నానబెట్టి, పెద్ద బానలో పేర్చి, కింద మంట పెట్టి ఉడకబెట్టేది. ఆ మన్నులో సోడా ఉంటుందని, అది జిడ్డును సబ్బుగా మారుస్తుందని, కూడా ఉన్న సన్నని మట్టి మురికిని పట్టుకుపోతుందని నేను కాలేజీకి వెళ్ళాక చదువుకున్నాను. ఆమెకు ఆ పని చేతుల్లో ఉంది. వాగులో కూడా ఒక క్రమం ఉండేది. ఎగువన తాగునీటి చెలిమలు, వాటి కింద పశువులు దిగే చోటు, అన్నిటికంటే దిగువన మా బండలు. ఉడికిన బట్టల తొలి నీళ్ళను అమ్మ వాగులో పోయనిచ్చేది కాదు. ఒడ్డున గుంట తీసి అందులో పోయించేది. ఎందుకని అడిగితే, "మనకు అడుగు గావచ్చు కొడుకా, కిందూరోళ్లకు ఇదే మొదలు" అనేది.

పురిటింటి బట్టలు, చావింటి బట్టలు, ముట్టుబట్టలు అన్నీ ఆమె చేతికే వచ్చేవి. ఊళ్ళో ఏ ఇంట్లో మైల ఏర్పడినా అది మూటయి మా గుమ్మానికి వచ్చేది, తెల్లనై తిరిగి వెళ్ళేది. ఆ తెల్లని బట్టను మడికి కట్టుకోవాలంటే మాత్రం ఆ ఇంటివాళ్ళు మళ్ళీ నీళ్ళలో జాడించి ఆరేసుకునేవాళ్ళు. దాన్ని మా అమ్మ ముట్టింది కాబట్టి. బట్టలో మరక లేదు, వాసన లేదు, అయినా అది శుభ్రం కాదు. మురికిని తీసినవారి పేరునే మురికి రాసిపెట్టే ఆ పద్ధతి నాకు నేర్పినంత తత్త్వం ఏ పుస్తకమూ నేర్పలేదు. నీళ్ళలోంచి నీలాన్ని లాగింది మట్టి. చివరకు పారబోయాల్సిన వ్యర్థం అనిపించుకున్నదీ మట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు సాగలేను. మనిషిని మట్టితో పోల్చి సరిపెట్టుకోవడం మన దేశంలో మరీ తేలిక. భూదేవిలా ఓర్చుకుంది అంటారు. ఓర్పును పొగుడుతారు, పనిని మాత్రం ఆమె నెత్తి మీదే ఉంచుతారు. మట్టికి రుణావేశం దాని స్ఫటికంలోనే ఉంది. మా అమ్మకు మైల మోసే గుణం పుట్టుకతో రాలేదు, ఊరు అప్పగించింది. అందుకే మోసేవారిని కీర్తించడం నాకు జవాబుగా తోచదు. మా వాళ్ళు మడేలయ్య అని కొలిచే మడివాలు మాచయ్య కథను పాల్కురికి సోమన బసవపురాణంలో చెప్పాడు. శివభక్తుల బట్టలే తప్ప ఇంకొకరివి ఉతకనన్నవాడు మాచయ్య. అందరూ ఆయన భక్తిని మెచ్చుకుంటారు. నాకు ఆయన కాదనడమే ఎక్కువ నచ్చుతుంది. ఎవరి మురికి పట్టాలో, ఎవరిది పట్టకూడదో ఉతికేవాడే తేల్చుకున్నాడు. కులం మా చేతుల్లోంచి లాక్కున్నది సరిగ్గా ఆ హక్కునే.

మట్టి మలినాన్ని తనలో ఉంచుకుంటుందన్న ఎరుక శాస్త్రాలకు లేకపోలేదు. శౌచానికి నీళ్ళతో పాటు మట్టిని వాడమని మనుస్మృతి చెబుతుంది. గృహస్థుకు చెప్పినదానికి బ్రహ్మచారికి రెట్టింపు, వానప్రస్థుకు మూడింతలు, సన్న్యాసికి నాలుగింతలు. విష్ణుపురాణం ఏ మట్టి తీసుకోకూడదో కూడా చెబుతుంది. పుట్టమన్ను వద్దు, ఎలుక కలుగులోది వద్దు, నీళ్ళ అడుగుది వద్దు, మరొకరు శౌచానికి వాడగా మిగిలినది వద్దు. ఆ చివరిదాని దగ్గర ఆగండి. ఒకసారి వాడిన మట్టి మలినాన్ని మోస్తోందని అది రాసినవారికి స్పష్టంగా తెలుసు. తెలిసీ, ముట్టుకోవద్దని చెప్పి ఊరుకున్నారు. ఆ మట్టికి మనం ఏం బాకీ పడ్డామన్న మాట ఎక్కడా రాలేదు. ఇస్లాంలో నీళ్ళు దొరకనప్పుడు నేలకు అరచేతులు ఆనించి ముఖమూ చేతులూ తుడుచుకుంటే నీళ్ళతో చేసుకునే శుద్ధికి, అంటే వుజూకు, బదులవుతుంది. తయమ్ముమ్ అంటారు. దానికి ఒక షరతు ఉంది, ఆ నేల శుభ్రమైనదై ఉండాలి. ఆ షరతు నాకెంతో ఇష్టం. నేలను పాడుచేసుకున్న మనిషికి రేపు తనను శుద్ధి చేసే నేల మిగలదన్న హెచ్చరిక నాకు అందులో వినిపిస్తుంది.

ప్రశ్నను సూటిగా అడిగినది మాత్రం ఒక నది. భూమికి దిగి రమ్మని భగీరథుడు వేడుకున్నప్పుడు గంగ రెండు అభ్యంతరాలు చెప్పిందని భాగవతం తొమ్మిదో స్కంధంలో ఉంది. తన వేగాన్ని ఎవరు భరిస్తారన్నది ఒకటి. అది అందరికీ గుర్తుంది, శివుడి జడలోకి దూకే గంగ బొమ్మ ఇంటింటా ఉంది. రెండోదాన్ని మనం మరిచిపోయాం. మనుషులు వచ్చి తమ పాపాలు నాలో కడుక్కుంటారు, మరి నేను వాటిని ఎక్కడ కడుక్కోవాలి అని అడిగింది గంగ. సాధువులు నీలో స్నానం చేస్తారు, వారి ఒంటి స్పర్శతో ఆ పాపం తొలగుతుంది, ఎందుకంటే వారిలో హరి ఉన్నాడని భగీరథుడు సమాధానం చెప్పాడు.

గంగ ఆ మాటను దిగిన తర్వాత అనలేదు. దిగడానికి ముందే అడిగింది, జవాబు విన్నాకే ఒప్పుకుంది. పుచ్చుకునేదానికి అడిగే హక్కు ఉందని, జవాబు చెప్పే భారం పిలిచినవాడిదని ఆ కథ ఒప్పుకుంటోంది. మన వాఙ్మయంలో ఇంత న్యాయమైన ఘట్టాలు తక్కువ. భగీరథుడి జవాబు మీద మాత్రం నాకు మనసు నిలవదు. ఆయన మోసేవారిని మార్చాడు. నీళ్ళ నుంచి సాధువులకు, సాధువుల నుంచి హరికి. హరి దగ్గర ఆ వరుస ఆగుతుంది, అక్కడ పాపం నశిస్తుందని విశ్వాసం గనక. పాపం సంగతి నేను విశ్వాసానికి వదిలిపెడతాను. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు సంగతి అలా వదిలిపెట్టలేను.

మా రేవు ఉన్న నక్కవాగు పటాన్‌చెరు ప్రాంతం మీదుగా పారి మంజీరలో కలుస్తుంది. 1970ల నుంచి అక్కడ మందుల, రసాయనాల కర్మాగారాలు వరసగా వెలిశాయి. వాగు రంగు మారింది, నురగ కట్టింది, అమ్మ మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. రేవు వదిలేశాం. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళ మీద చేసిన పరీక్షలను ప్రచురించారు. శుద్ధి పూర్తయిన నీళ్ళు అవి. వాటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు అలా పోతోందని, స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందుకు అది సమానమని వారు లెక్కగట్టారు. తర్వాత ఆ నీళ్ళను దాదాపు 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్ళించారు. నక్కవాగుకు కాస్త ఊపిరి వచ్చింది. అంబర్‌పేట ఉన్నది మూసీ ఒడ్డున. మూసీ దిగువన ఆ నీళ్ళతోనే వరి, పశుగ్రాసం పండించే ఊళ్ళున్నాయి. మా అమ్మ మాటలో చెప్పాలంటే వాళ్ళకు అదే మొదలు.

అదే పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఏర్పడింది. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకేచోట దొరకడం ఆ స్థలం విశేషం. నల్లరేగడిలో స్మెక్టైట్ ఉంది, స్మెక్టైట్ సిప్రోఫ్లాక్సాసిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. కొంచెం ఆమ్లగుణం ఉన్న నీళ్ళలో ఆ మందు అణువు ధనావేశంతో ఉంటుంది, నేరుగా పొరల మధ్యకు పోతుంది. అలాంటి మట్టి ఉన్న ఒడ్డులు ఎవరూ నియమించకుండానే ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాయి. నీళ్ళలో తగ్గినట్టు కనిపించినదానిలో కొంత ఒడ్డు మట్టిలో, వాగు అడుగు బురదలో ఉంటుంది. అక్కడ ఇంకో చిక్కు. పొరల మధ్య దాగిన అణువును సూక్ష్మజీవులు సులువుగా అందుకోలేవు. కనక మట్టి విషాన్ని పట్టడంతో పాటు దాన్ని శిథిలం కాకుండా కాపాడుతుంది కూడా. నీళ్ళలో క్షారగుణం పెరిగితే పట్టు సడలి కొంత తిరిగి వదులుతుంది. సౌడు నేలలున్న చోట ఇది చిన్న విషయం కాదు.

మట్టితో కలుషిత జలాలను శుద్ధి చేద్దామన్న పరిశోధనలు చాలా జరుగుతున్నాయి. నేను వాటిని మనస్ఫూర్తిగా కోరుకునేవాణ్ణి. మట్టి చవక, దొరుకుతుంది, పనిచేస్తుంది. అయితే లెక్క చివరిదాకా వేయాలి. గ్రాము మట్టి వంద మిల్లీగ్రాముల మందును పట్టిందనుకుందాం. 45 కిలోల మందుకు రోజుకు 450 కిలోల మట్టి కావాలి. ఏడాదికి 160 టన్నులు దాటుతుంది. ఆ మట్టిని ఎక్కడ పెట్టాలి? నూనె పీల్చిన వాడిన బంకమట్టి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో పేరుతో సహా ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలను దుండిగల్‌లోని కేంద్రానికి తీసుకెళ్తారు. దుండిగల్ కూడా మనుషులుండే ఊరే.

నా సంస్కృత మిత్రుడే ఇంకో రోజు గీత నాలుగో అధ్యాయం గుర్తుచేశాడు. నిప్పు కట్టెలను బూడిద చేసినట్టు జ్ఞానం కర్మలను బూడిద చేస్తుందన్న పోలిక అక్కడుంది. ఆ రోజు నాకు దారి కొంత కనిపించింది. కతకం, నిప్పు రెండూ శుద్ధి గురించిన పోలికలే, కానీ వాటి పని ఒకటి కాదు. కతకం మలినానికి చోటు మారుస్తుంది. నిప్పు దాని రూపాన్నే విరుస్తుంది. మందు పట్టిన మట్టిని కొన్ని వందల డిగ్రీల వేడిలో సరిగ్గా కాలిస్తే మందు మందుగా మిగలదు. బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, నత్రజనిగా విడిపోతుంది. దానిలో ఉన్న ఒక్క ఫ్లోరిన్ పరమాణువును పొగలోంచి వేరే పట్టుకోవాలి. వేడి మితిమీరితే మట్టి పొరలు కూలిపోయి ఉబ్బే గుణం చచ్చిపోతుంది. అదుపులో ఉంటే కొంతవరకు ఆ మట్టినే మళ్ళీ వాడుకోవచ్చు. నిప్పులో కూడా ఏదీ శూన్యంలోకి పోదు. అయితే ఆ పని తర్వాత ఎవరి నెత్తి మీదా ఆ విషం విషంగా ఉండదు. మోసినదాని భుజం మీంచి బరువు దించడమంటే నా దృష్టిలో ఇదే. పట్టుకోవడం సగం పని, విడిపించడం మిగతా సగం. ఆ రెండో సగానికి కొలిమి కావాలి, ఇంధనం కావాలి, పొగను పట్టే ఏర్పాటు కావాలి. ఆ ఖర్చు మాత్ర ధరలోనే ఉండాలి. ఆ మాత్ర నేనూ వేసుకున్నాను, నా జ్వరం తగ్గింది. ఆ ధర కట్టడానికి నేను సిద్ధం.

కొత్త కర్మాగారాల కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభలకు నేను వెళ్తుంటాను. గంగ అడిగినట్టు ముందే అడగడానికి మనకు చట్టం ఇచ్చిన చోటు అది. వాడిన మట్టి ఎటు పోతుంది, దాన్ని ఎక్కడ కాలుస్తారు, పొగ పట్టే ఖర్చు ఎవరిది అని కాగితం మీద రాసుకెళ్ళి చదువుతాను. ఒక సభలో వేదిక మీదున్నాయన ఓపికగా విని, వ్యర్థాలు ఈ గ్రామ పరిధి దాటి వెళ్ళిపోతాయి కాబట్టి ఇక్కడివారు కంగారుపడాల్సిన పని లేదని చెప్పాడు. చాలామంది తలలూపారు. ఆడవాళ్ళ వరసలోంచి ఒక పెద్దావిడ లేచి నిలబడింది. "ఏ ఊరికి పోతదో చెప్పుండ్రి సారూ, ఆ ఊరోళ్లను గూడ పిలిచి మాట్లాడుదాం" అంది.